మపుచే నడికట్టు 'ట్రారివే': తరచుగా అడిగే ప్రశ్నలు

చిలీ వెళ్లొచ్చినవాళ్లు, చేతినేత నేర్చుకుంటున్నవాళ్లు, ఫొటో చూసి మనసుపడ్డవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాం. ఏ జవాబుకా జవాబు విడిగా అర్థమయ్యేలా ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## అసలు ఇదేమిటి

ట్రారివే అంటే ఏంటి? బెల్టా, దట్టీయా?

మన మాటల్లో దగ్గరగా చెప్పాలంటే నడికట్టు. చిలీ, అర్జెంటీనాల మూలవాసులైన మపుచేల ఆడవాళ్లు కట్టే నల్లటి ఉన్ని వస్త్రం పేరు కుపామ్. కుట్టు లేని ఆ వస్త్రాన్ని ఒంటికి చుట్టుకుని, భుజం దగ్గర సూదితో బిగించి, నడుం దగ్గర ఈ పట్టీతో కడతారు. దీనికి బకిల్ ఉండదు, కన్నాలు ఉండవు. మపుచేల భాష మపుదుంగున్‌లో 'ట్రారి' అంటే కట్టడం, చివరి 'వే' అంటే ఆ పనికి వాడే సాధనం. కాబట్టి ట్రారివే అంటే కట్టుకునేది, అంతే. తలపట్టీకీ అదే పద్ధతిలో పేరు పడింది: 'లోంకో' అంటే తల, తలకు కట్టేది ట్రారిలోంకో.

నేత పరంగా ఇది పడుగు మాత్రమే కనిపించే పట్టీ. నవారు మంచం ఎరిగినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది: నిలువు పోగులు ఒత్తుగా ఉండి, అడ్డంగా వెళ్లే పేకను పూర్తిగా మింగేస్తాయి. తేడా ఏమిటంటే ఇక్కడ బొమ్మలు కూడా ఆ పడుగు పోగులతోనే వస్తాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే దారం ఎంపిక, ధర, మన్నిక ఎందుకలా ఉంటాయో చాలావరకు తెలిసిపోతుంది.

మపుచేలు ఎవరు? ఎక్కడ ఉంటారు?

దక్షిణ-మధ్య చిలీ, దానికి ఆనుకుని ఉన్న అర్జెంటీనా ప్రాంతాల మూలవాసులు. 'మపు' అంటే నేల, 'చే' అంటే మనుషులు. చిలీలో 2017 జనగణనలో 17 లక్షల మందికి పైగా తమను మపుచేలుగా చెప్పుకున్నారు. నేతకు పేరున్న చోట్లు ఎక్కువగా అరౌకానియా ప్రాంతంలో, దాని ముఖ్యపట్టణం టెముకో చుట్టుపక్కల, పసిఫిక్ తీరంలోని తిరువా వైపు ఉన్నాయి. అర్జెంటీనాలో నెవుకెన్ రాష్ట్రం ముఖ్యమైనది.

ట్రారివే, ట్రారిహువే, ట్రారూవే... ఏ పేరు కరెక్ట్?

అన్నీ ఒకటే. మపుదుంగున్ భాషను రాయడానికి ఒకటి కాదు, మూడు నాలుగు లిపి పద్ధతులు వాడుకలో ఉన్నాయి. స్పానిష్ పద్ధతిలో రాసినవాళ్లు 'హువే' అంటారు, మిగతావాళ్లు 'వే' అంటారు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు రెండు రకాలుగానూ వెతకండి. ఒకే స్పెల్లింగుతో వెతికితే సగం సమాచారం దొరకదు.

మగవాళ్లు కూడా కట్టుకుంటారా?

కట్టుకునేవారు, కానీ అది వేరే పట్టీ. నడుం కింద ధరించే చిరిపా అనే వస్త్రాన్ని నిలబెట్టడానికి కట్టేది కాబట్టి దాన్ని ట్రారిచిరిపా అంటారు. నిండుగా బొమ్మలున్న ట్రారివే మాత్రం ఆడవాళ్లదే. పొత్తికడుపును, నడుమును పట్టి ఉంచుతుంది కాబట్టి సంతానంతోనూ, రక్షణతోనూ ముడిపెట్టి దాని గురించి చెబుతారు.

మధ్యలో వరసగా కనిపించే మనిషిలాంటి బొమ్మ ఏంటి?

దాన్ని లుకుతువే అంటారు, లుకుతుఎల్ అని కూడా. 'లుకుతు' అంటే మోకరిల్లడం. వజ్రం ఆకారంలో తల, పైకెత్తిన చేతులు, మడిచిన మోకాళ్లు ఉంటాయి. అన్నీ మెట్లు మెట్లుగా ఉన్న గీతలే. పడుగు పోగులతో వేసే బొమ్మలో గుండ్రటి వంపు రాదు మరి. ఎక్కువమంది దీన్ని న్గిల్యాతున్ అనే సామూహిక ప్రార్థనలో మోకరిల్లిన మనిషిగా చూస్తారు. మొక్కల రూపాలు, నక్షత్రం, మెట్ల వరస కూడా పట్టీల మీద కనిపిస్తాయి.

ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం రాసిన పట్టికలు నెట్‌లో బోలెడు. వాటిని నిఘంటువులా నమ్మొద్దు. ఒకే బొమ్మకు పక్క పక్క ఊళ్లలోనే పేరు మారుతుంది, నేసే ఆవిడ చెప్పే మాటా మారుతుంది.

నేతకూ సాలీడుకూ ఏదో కథ ఉందంటారు, నిజమేనా?

కథ ఉంది. ఉన్ని వడకమని ఒక పిల్లకు పని అప్పజెబితే, ఎలాగో తెలియక ఏడుస్తుంటే సాలీడు వచ్చి నేర్పిందని చెబుతారు. ఆ ముసలి సాలీడమ్మ పేరు లాలెన్ కుసే. ఆడపిల్లకు నేతపని బాగా అబ్బాలని చేతులకు సాలెగూడు రుద్దే అలవాటు కూడా ఉండేది. మనకూ సాలీడు, సాలె, సాలెమగ్గం పక్కపక్కనే ఉన్న మాటలు కదా.

ఇది మన పోచంపల్లి ఇక్కత్ లాంటిదేనా?

కాదు. ఇక్కత్‌లో దారాన్ని ముందే కట్టు కట్టి రంగులో ముంచుతారు, బొమ్మ రంగులోనే పుడుతుంది. ట్రారివేలో ప్రతి పోగూ ఒకే రంగులో ఉంటుంది. ఏ వరసలో ఏ పోగు పైకి రావాలో చేత్తో ఎంచి ఎత్తితే బొమ్మ వస్తుంది. ఈ ఎత్తి నేసే పద్ధతిని న్యిమిన్ అంటారు.

ఇక్కత్ మపుచేలకూ ఉంది, కానీ అది తల దూర్చి భుజాల మీద వేసుకునే పోంచోల మీద. ట్రారికాన్ మకున్య్ అనే పెద్దమనుషుల పోంచోకు పడుగును కట్లు కట్టి రంగేస్తారు. అది పడుగు ఇక్కత్ మాత్రమే, పోచంపల్లిలోలా పడుగు, పేక రెండిటికీ కట్టే రకం కాదు. 'ట్రారికాన్' పేరులోనూ ఉన్నది కట్టడమనే మాటే కాబట్టి కొందరు రెండిటినీ కలిపేస్తుంటారు.

## కొనేముందు

చేతినేతా, మెషిన్ నేతా ఎలా తెలుస్తుంది?

తిరగేసి చూడండి. చేతినేత ట్రారివేలో ముందు వైపు రంగు ఎక్కడ లేదో వెనక వైపు అక్కడ కనిపిస్తుంది. ఎందుకంటే రంగు పోగు పట్టీ పొడవునా సాగుతుంది, పైకి రానప్పుడు వెనక ఉంటుంది. మెషిన్ రిబ్బన్‌లో చాలాసార్లు వెనక అడ్డంగా పోయే దారాలు వదులుగా వేలాడతాయి, లేదా వాటిని కప్పుతూ ఒక గుడ్డ అతికించి ఉంటుంది. బొమ్మ రంగు అడ్డంగా నడుస్తుంటే అది పేక బొమ్మ, ట్రారివే నేత కాదు.

తర్వాత స్కేలు తీసుకుని వరసగా ఐదారు బొమ్మల పొడవు కొలవండి. చేత్తో నేసినదాంట్లో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. అన్నీ అచ్చు గుద్దినట్టు సమానంగా ఉంటే అనుమానించండి. అంచు మరీ వంకరగా ఉండటం మాత్రం చేతినేతకు రుజువు కాదు, అది నైపుణ్యం లేని నేతకు గుర్తు. మంచి నేతగత్తె అంచు గీత గీసినట్టు ఉంటుంది.

టూరిస్టు బజార్లలో పెరూ, బొలీవియాల నుంచి వచ్చిన మెరిసే రంగుల పట్టీలను కూడా 'మపుచే' అని అమ్మేస్తుంటారు. లామా (అక్కడి పొడవాటి మెడ జంతువు) బొమ్మలు వరసగా కనిపిస్తే అది పెరూ, బొలీవియాల వైపు సరుకని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఉన్నో, అక్రిలిక్కో తెలిసేదెలా?

కుచ్చుల్లోంచి ఒక చిన్న దారం ముక్క తీసి, పటకారుతో పట్టుకుని కాల్చండి. ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మంట తీసేస్తే తనే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది, నలిపినా నలగదు. అక్రిలిక్ ఉన్నంత మాత్రాన నకిలీ అనలేం. కొట్లో దొరికే రంగు దారం చౌక, వడకే పని తప్పుతుంది, అందుకని మపుచే నేతగత్తెలు కూడా కొందరు వాడతారు. ధర మాత్రం దానికి తగ్గట్టు ఉండాలి.

నమ్మకంగా ఎక్కడ దొరుకుతాయి?

టెముకో దగ్గరి చోల్‌చోల్‌లో నేతగత్తెలతో పనిచేసే ఫౌండేషన్ ఉంది. తిరువాలో రెల్ము విట్రల్ అనే నేత మహిళల సంఘం ఉంది, ఆ పేరుకు అర్థం ఇంద్రధనుస్సు మగ్గం. శాంటియాగోలో అయితే చిలీ హస్తకళల ఫౌండేషన్ దుకాణాలు. అర్జెంటీనా వైపు నెవుకెన్ రాష్ట్ర హస్తకళల సంస్థ. కొనే ముందు పాత పనితనం కంటితో చూడాలనుకుంటే టెముకోలోని అరౌకానియా ప్రాంతీయ మ్యూజియం, శాంటియాగోలోని ప్రీకొలంబియన్ కళల మ్యూజియం చూసి రండి. అవి చూశాక బజార్లో కన్ను సులువుగా మోసపోదు.

చిన్న పట్టీకి అంత ధరా?

ఐదు సెంటీమీటర్ల వెడల్పులో తొంభై దాకా పోగులుంటాయి. ప్రతి వరసకూ బొమ్మ పోగుల్ని వేలితో లెక్కపెట్టి ఎత్తాలి. చేయి తిరిగే దశలో ఉన్నవాళ్లు గంటకు 3 నుంచి 5 సెం.మీ. నేస్తారు. రెండు మీటర్ల పట్టీకి ఆ లెక్కన 40 నుంచి 67 గంటలు. ఉన్ని కడగడం, చిక్కు తీయడం, కదురు మీద వడకడం, రెండు పేటలు పెనవేయడం, రంగు వేయడం ఇందులో చేరలేదు. చేయి బాగా తిరిగినవాళ్లు ఇంతకంటే వేగంగానే నేస్తారు, కానీ వడకడాన్ని ఎవరూ తొందరపెట్టలేరు.

ఎంత పొడవుది కొనాలి?

సంప్రదాయ పట్టీలు సాధారణంగా రెండు మీటర్లు దాటి, 5 నుంచి 10 సెం.మీ. వెడల్పుతో ఉంటాయి. నడుం చుట్టూ రెండు చుట్లు చుట్టి కొసలు కట్టేస్తారు. మీకు రెండు చుట్లు కావాలంటే నడుం కొలత రెట్టింపు చేసి 50 సెం.మీ. కలపండి. బకిల్ వేసిన ఒక చుట్టు బెల్టులు టూరిస్టుల కోసం చేసినవి. వాటిలో బకిల్ దగ్గర కోసి కుట్టిన చోటే మొదట పీచు లేస్తుంది.

మపుచేలు కాని మనం కట్టుకోవచ్చా?

అమ్మకానికి నేసినదాన్ని నిరభ్యంతరంగా కట్టుకోవచ్చు. అభ్యంతరం వచ్చేది వేరే చోట: లుకుతువే బొమ్మను స్కాన్ చేసి చెప్పుల మీద ప్రింట్ చేసి అమ్మడం, చెప్పకుండా డిజైన్ ఎత్తుకెళ్లడం. నేర్చుకోవడానికి మీరు నేసుకున్న పట్టీని 'మపుచే ట్రారివే' అని అమ్మడం కూడా పద్ధతి కాదు. ఆ పద్ధతిలో నేసిన పట్టీ అని చెప్పండి చాలు.

## దారం, రంగు

ఏ ఉన్ని వాడాలి? మన గొంగడి ఉన్ని పనికొస్తుందా?

స్పెయిన్‌వాళ్లు 16వ శతాబ్దంలో గొర్రెలను తేకముందు మపుచేలు చిలివెకే అనే లామా జాతి జంతువు ఉన్ని వాడేవారు. తర్వాత గొర్రె ఉన్నే ప్రధానమైంది. పట్టీకి కావలసింది పొడవాటి పీచు, గట్టి పురి. పడుగు పోగులు ఒకదాన్నొకటి నిరంతరం రాసుకుంటాయి కాబట్టి మెత్తటి, వదులు దారం పీచు లేచి పక్క పోగును పట్టేస్తుంది. స్వెట్టర్ దారంతో మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లందరికీ జరిగింది ఇదే.

తెలంగాణ గొంగడికి వాడే దక్కనీ గొర్రె ఉన్ని పొట్టిగా, గరుకుగా ఉంటుంది. గొంగడికి అదే బలం, పట్టీ పడుగుకు అదే ఇబ్బంది. పేకకు మాత్రం వాడుకోవచ్చు, ఎలాగూ బయటికి కనిపించదు. మొదటి పట్టీకి గట్టి పురి ఉన్న రెండు పేటల నూలు దారం తీసుకోవడం ఉత్తమం. అందం కాస్త తగ్గుతుంది కానీ పోగులు అతుక్కోవు.

దారం ఎంత కావాలి?

5 సెం.మీ. వెడల్పు, 1.2 మీటర్ల నేత పొడవు ఉన్న అభ్యాసపు పట్టీకి లెక్క ఇది. నేసేకొద్దీ పడుగు 15–20 శాతం కుంచించుకుపోతుంది కాబట్టి 1.2 మీటర్లకు 1.42 మీటర్లు కావాలి. రెండు వైపులా కుచ్చులకు కలిపి మరో 38 సెం.మీ. మొత్తం 1.8 మీటర్లు. 92 పోగులంటే పడుగుకు దాదాపు 166 మీటర్లు. సెంటీమీటరుకు నాలుగున్నర పేకల చొప్పున పేకకు 30 మీటర్లు. తెగడానికి, ముడులకు పది శాతం కలిపితే 215 మీటర్లు. వంద గ్రాములకు 400 మీటర్లు వచ్చే దారమైతే 55 గ్రాములన్నమాట. రంగులవారీగా విడగొట్టేటప్పుడు ప్రతిదాంట్లో పది మీటర్లు ఎక్కువే ఉంచుకోండి. మధ్యలో అయిపోతే అదే ఛాయ మళ్లీ దొరకదు.

పాత పట్టీల్లో ఆ ముదురు ఎరుపు దేనితో వచ్చింది?

రెల్బూన్ అనే తీగ మొక్క వేర్లతో. మన మంజిష్ఠ, మచిలీపట్నం కలంకారీ ఎరుపుకు వాడిన చిరివేరు, ఈ రెల్బూన్ మూడూ ఒకే కుటుంబపు మొక్కలు, ఎరుపు మూడింటిలోనూ వేరులోనే ఉంటుంది. 19వ శతాబ్దం చివరి నుంచి రసాయన రంగులు రావడంతో వేరు తవ్వే పని తగ్గింది. రెల్బూన్ వేర్లు సన్నటి దారాల్లా ఉంటాయి, గుప్పెడు వేర్లకు గంటల తరబడి తవ్వాలి.

ఇక్కడ ప్రయత్నించాలంటే మంజిష్ఠే మార్గం. 100 గ్రాముల ఉన్నికి 12–15 గ్రాముల పటిక నీళ్లలో కరిగించి, ఉన్నిని 80–85 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, అదే గిన్నెలో చల్లారనివ్వండి. పూర్వం మపుచేలు పటికతో పాటు పులిసిన మూత్రం కూడా వాడేవారు. తర్వాత 100 గ్రాముల మంజిష్ఠ పొడి రాత్రి నానబెట్టిన నీళ్లలో ఉన్ని వేసి, 70 డిగ్రీలు దాటకుండా గంట. దాటితే గోధుమ రంగు దిగి ఎరుపు మందగిస్తుంది. వంటకు వాడే గిన్నె దీనికి వాడొద్దు.

నలుపు ఎలా వేస్తారు? పాత పట్టీల్లో నల్ల దారమే ఎందుకు చిరిగింది?

నల్కా అనే పెద్ద ఆకుల మొక్క వేరులో వగరు పదార్థం ఉంటుంది. దానితో ఉడికించిన ఉన్నిని ఇనుము ఎక్కువగా ఉన్న నల్ల బురదతో కలిపితే నలుపు వస్తుంది. కరక్కాయ, ఇనుపనీళ్ల కలయికతో కలంకారీలో నల్లగీత వచ్చేది కూడా ఈ సూత్రంతోనే. చిక్కేమిటంటే ఇనుము ఏళ్ల తరబడి పీచును తినేస్తూ పెళుసుగా మారుస్తుంది. అందుకే పాత పట్టీలో తెలుపు, ఎరుపు బాగానే ఉండి నలుపు మాత్రమే రాలుతుంటుంది. మీరు వేసేటప్పుడు ఇనుము ఉప్పు (అన్నభేది) ఉన్ని బరువులో 2 శాతం మించనివ్వకండి. పుట్టుకతో నల్లగా ఉన్న గొర్రె ఉన్ని దొరికితే ఈ బాధే లేదు.

## మగ్గం, పడుగు

మగ్గం లేదు, ఇంట్లో ఉన్నదానితో కుదురుతుందా?

కుదురుతుంది. మపుచే మగ్గం పేరు విట్రల్: రెండు నిలువు గుంజలు, వాటికి అడ్డంగా కట్టిన రెండు దూలాలు, గోడకు ఆనించి పెట్టిన చట్రం. నాడె లేదు, పన్నె లేదు, తొక్కుడు కర్రలు లేవు. పాత చెక్క మంచం చట్రం నవారు విప్పేసి గోడకు ఆనిస్తే పని జరిగిపోతుంది. అడ్డకర్రల మధ్య ఆరడుగులు, అంటే 180 సెం.మీ. ఉంటే 1.2 మీటర్ల పట్టీకి సరిగ్గా సరిపోతుంది. అల్యూమినియం మడత మంచం వద్దు, తొంభై పోగుల బిగువుకు వంగిపోతుంది.

ఇంకా కావలసినవి: వేలి మందం కర్రలు రెండు, గట్టి నూలు తాడు, పేక బిగించడానికి చెక్క కత్తి. ఈ కత్తిని న్యెరెవే అంటారు, చిలీలో లూమా లాంటి గట్టి చెక్కతో చేస్తారు. మనకు తుమ్మ చెక్క బాగుంటుంది. 25 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. వెడల్పు, ఒక అంచు పలుచగా ఉండాలి. గరుకు కాగితంతో బాగా రుద్దండి, ఒక్క పేడు ఉన్నా పోగు తెగుతుంది.

పడుగు ఎలా పోయాలి? ఏ రంగు ఎన్ని పోగులు?

దారాన్ని పై కర్రకూ కింది కర్రకూ మధ్య ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ పోవాలి. మధ్యలో దారాలు ఒకదాన్నొకటి దాటే చోటే పోగుల వరస భద్రంగా ఉంటుంది, ఆ దాటు దగ్గర రెండు వైపులా తాడు కట్టేయండి. అది జారిపోతే మొత్తం మొదటికొస్తుంది.

నేర్చుకునేవారికి వీలైన అమరిక: ఎడమ అంచుకు ఆకుపచ్చ, ఎరుపు చారలుగా 16 పోగులు. మధ్యలో రెండు తెల్ల పోగుల తర్వాత ఒక రంగు పోగు, ఇలా పదిహేను సార్లు. రంగు పోగు రెట్టింపు మందం ఉండాలి కాబట్టి రెండు దారాలు కలిపి పోయాలి. మళ్లీ కుడి అంచుకు 16. మొత్తం 92 దారాలు. బొమ్మ పోగులు పదిహేనే ఎందుకంటే బేసి సంఖ్య అయితేనే సరిగ్గా మధ్య పోగు ఒకటి దొరుకుతుంది, దాని అటూ ఇటూ బొమ్మ సమంగా వస్తుంది. పద్నాలుగు పోసి, తల ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడేవారు ప్రతిసారీ ఉంటారు.

బిగువు ఒకే చేతిదిగా ఉండాలి. ఉదయం సగం, సాయంత్రం సగం పోస్తే రెండు సగాలకూ బిగువు తేడా వస్తుంది.

పోగుల్ని ఎత్తే ఏర్పాటు ఎలా?

తెల్ల పోగుల్లో ఒకటి విడిచి ఒకదానికి నూలు తాడుతో ఉచ్చు వేసి, ఆ ఉచ్చులన్నిటినీ ఒక కర్రకు కట్టండి. ఈ ఉచ్చుల కర్రను మపుచేలు తోనోన్‌వే అంటారు. అంచు పోగుల్లోనూ ఒకటి విడిచి ఒకటి. రంగు పోగులకు ఉచ్చులు వద్దు. ఉచ్చు లేని తెల్ల పోగులు, రంగు పోగులు అన్నీ రెండో కర్ర మీదుగా పోవాలి. ఉచ్చులన్నీ ఒకే పొడవుండేలా మధ్యలో ఒక స్కేలు పెట్టి కట్టడం మేలు. ఒక ఉచ్చు పొడుగైతే ఆ పోగు సరిగ్గా లేవక ప్రతి వరసలోనూ తప్పు పడుతుంది.

## నేసేటప్పుడు

బొమ్మ ఎలా ఎత్తాలి?

రెండు వరసల ఆట ఇది. ఉచ్చుల కర్ర లాగినప్పుడు సగం తెల్ల పోగులు పైకొస్తాయి, రంగు పోగులన్నీ కింద ఉంటాయి. ఆ వరసలో బొమ్మకు కావలసిన రంగు పోగులను వేళ్లతో పైకి తీసుకోండి. తర్వాతి వరసలో రంగు పోగులన్నీ వాటంతటవే పైకి వస్తాయి, అక్కర్లేని వాటిని కిందికి తోయండి. ఎంపిక అయ్యాక చెక్క కత్తిని ఆ సందులో దూర్చి నిలబెట్టి, పేక దాటించి, కత్తితో కిందికి కొట్టాలి.

ఒక రంగు పోగు వరసగా మూడు పేకల మీదుగా పైనే ఉంటే పర్వాలేదు. ఐదు దాటితే వదులుగా వేలాడి గాజులకు, గోళ్లకు చిక్కుకుంటుంది. అందుకని మూడు నాలుగు పేకలకోసారి ఆ పోగును ఒక వరసకు కిందికి దించి మళ్లీ ఎత్తండి. పక్క పక్క పోగులను ఒకే వరసలో దించొద్దు, అడ్డగీత పడుతుంది. వెనక వైపుకూ ఇదే నియమం, అక్కడ మరీ పొడవుగా పోతున్న పోగును మధ్యలో ఒకసారి పైకి తీస్తే తెలుపు మీద చిన్న చుక్కలా కనిపిస్తుంది.

మొదటి పట్టీకి లుకుతువే వద్దు. మెట్ల వరసతో మొదలుపెట్టి, నక్షత్రం వేసి, చేయి కుదిరాక మనిషి బొమ్మకు రండి.

కాగితం మీద గీసిన బొమ్మ నేతలో సాగిపోతోంది. ఎందుకు?

పేక సరిగ్గా బిగించకపోవడం వల్ల. పదిహేను రంగు పోగులు 3 సెం.మీ.లో ఉంటే ఒక్కో గడి వెడల్పు 2 మి.మీ. సెంటీమీటరుకు నాలుగున్నర పేకలు పడితే గడి ఎత్తు 2.2 మి.మీ., అంటే గళ్ల కాగితం మీద గీసినట్టే దాదాపు వస్తుంది. మూడున్నర పేకలే పడితే మనిషి సన్నగా పొడుగైపోతాడు, ఆరు పడితే మరుగుజ్జవుతాడు. ప్రతి పది వరసలకూ స్కేలు పెట్టి లెక్కపెట్టండి. కొట్టాల్సింది సందు తెరిచి ఉన్నప్పుడొకసారి, తర్వాతి సందు తెరిచాక ఇంకోసారి. రెండో దెబ్బకే పేక సర్దుకుంటుంది.

వెడల్పు ఒకచోట 5, ఇంకోచోట 4 సెం.మీ. వస్తోంది.

పేకను లాగే చేయి సమంగా లేదు. అట్టముక్క మీద 5 సెం.మీ. గుర్తు పెట్టి మగ్గానికి వేలాడదీయండి, ప్రతి ఐదో పేకకు కొలవండి. వెడల్పు పెరుగుతుంటే పోగుల మధ్య నుంచి పేక తొంగిచూస్తుంది, అదే మొదటి హెచ్చరిక. మొదటి 10 సెం.మీ.లో తేడా రావడం అందరికీ మామూలే. అందుకే అసలు బొమ్మకు ముందు కొంత సాదా నేత వదలండి.

అంచుల్లో తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయి.

అవి పేక దారపు మలుపులు. పట్టీలో పేక బయటపడే చోటు అంచు ఒక్కటే. పేక దారం రంగు చిట్టచివరి అంచు పోగు రంగే ఉండాలి. ఆకుపచ్చ అంచుకు ఆకుపచ్చ పేక వేస్తే మలుపు కంటికి కనబడదు.

పట్టీ ఒక పక్కకు అరటికాయలా వంగిపోతోంది.

రెండు అంచుల బిగువు ఒకటి కాదు. పడుగు పోసేటప్పుడు ఒక వైపు గట్టిగా లాగి ఉంటారు, లేదా రెండు అంచులకూ వేర్వేరు రకాల దారం వాడి ఉంటారు. వదులుగా ఉన్న వైపు పోగుల కింద, పై కర్ర దగ్గర, సన్నటి పుల్ల దూర్చితే కొంత సర్దుకుంటుంది. వంగడం కాకుండా మెలికపడుతుంటే కారణం వేరు: దారానికి పేటలు పెనవేసినప్పుడు పురి ఎక్కువైంది. దానికి నేతలో మందు లేదు, తడిపి సాగదీసి ఆరబెడితే కాస్త నయం.

పడుగు పోగు తెగిపోతే?

ఆపేసి భయపడాల్సిన పనిలేదు. 40 సెం.మీ. కొత్త ముక్క తీసుకుని, తెగిన పై కొసకు ముడి వేయండి. ముడి నేతకు దూరంగా, పైన ఉండాలి. కింది కొసను నేసిన భాగంలో గుండుసూది గుచ్చి దాని చుట్టూ ఎనిమిది అంకెలా చుట్టి బిగించండి. నాలుగు సెం.మీ. నేశాక సూది తీసి కొసను వెనక దూర్చి కత్తిరించొచ్చు. ఒకే చోట మాటిమాటికీ తెగుతుంటే ఉచ్చుల కర్రకో, కత్తికో గరుకు ఉందని అర్థం.

చివరలు ఎలా ముగించాలి?

చివరి 15 సెం.మీ. నేయడం కష్టం, కత్తి దూరదు. అక్కడ లావు సూదితో పేక వేస్తారు, లేదా ఆ భాగాన్ని కుచ్చులకు వదిలేస్తారు. కర్ర నుంచి తీశాక ఆరు పోగుల చొప్పున తీసుకుని మూడు పాయలుగా జడ అల్లి కొసన ముడి వేయండి. జడ పొడవు పది సెంటీమీటర్లయితే కట్టుకోవడానికి అనువుగా ఉంటుంది.

## వాడకం, దాచడం

చీర మీదో, కుర్తా మీదో బాగుంటుందా?

కాటన్ కుర్తా మీద బాగుంటుంది. పట్టుచీర మీద వద్దు, గరుకు ఉన్ని జరీని గీకుతుంది. మే నెలలో ఒంటికి ఆనేలా కట్టుకోవాలని మాత్రం చూడకండి, గంటకే దురద మొదలవుతుంది. సంచీ పట్టీగా వాడేవారు బరువు రెండు కిలోలు దాటనివ్వకపోతే మంచిది, ఉన్ని నెమ్మదిగా సాగుతుంది.

ఉతకొచ్చా? రంగు కారుతుందా?

ముందు తడి తెల్ల గుడ్డతో ప్రతి రంగునూ నిమిషం పాటు ఒత్తి చూడండి. గుడ్డకు రంగు అంటితే నీళ్లలో ముంచకండి. ఎక్కువగా కారేది చౌక రసాయన ఎరుపు, పక్కనున్న తెలుపు గులాబీ అయిపోయాక వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం. రంగు అంటకపోతే చల్లటి నీళ్లలో షాంపూ చుక్క వేసి, రుద్దకుండా ఐదు నిమిషాలు ముంచి తీయండి. పిండొద్దు. తువాలులో చుట్టి ఒత్తి, నీడలో పరిచి ఆరబెట్టండి. వేడినీళ్లు, రుద్దుడు కలిస్తే ఉన్ని గట్టిపడి కుంచించుకుపోతుంది, బొమ్మ అంచులు అలుక్కుపోతాయి.

పురుగు పట్టకుండా ఎలా దాచాలి?

వేపాకు మీద భారం వేయకండి, ఉన్ని తినే పురుగు దాన్ని పెద్దగా లెక్కచేయదు. అది ఇష్టపడేది చెమట, నూనె మరకలు అంటిన ఉన్ని, కాబట్టి శుభ్రం చేసి, పూర్తిగా ఆరిన పట్టీనే దాచండి. మడత పెడితే మడత దగ్గర పోగులు విరుగుతాయి. ఉతికిన కాటన్ గుడ్డతో కలిపి చుట్టలా చుట్టండి. వానాకాలంలో నెలకోసారి తీసి గాలికి ఆరేయాలి. కన్నాలు గానీ, ఇసుకలాంటి రవ్వలు గానీ కనిపిస్తే ప్లాస్టిక్ సంచీలో గాలి తీసి మూసి, డీప్‌ఫ్రీజర్‌లో వారం ఉంచండి. తీసి ఒకరోజు బయట పెట్టి, మళ్లీ వారం ఉంచండి. మొదటిసారి తప్పించుకున్న గుడ్లు రెండోసారికి పోతాయి. ఫ్రీజర్ నుంచి తీశాక సంచీని వెంటనే విప్పకూడదు, గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే లోపలి ఉన్ని మీద చెమ్మ పట్టేస్తుంది.